హస్త వానకు సొరపాదు

ఉత్తరకార్తె వెళ్లినది. హస్త ప్రవేశించినది. మొన్న రాత్రి మీలో కొందరి ఊళ్లలో వాన పడియుండును. మరికొందరి ఊళ్లలో పొలిమేర దాక వచ్చిన మేఘము ఉరిమి, మెరిసి, నాలుగు చినుకులు రాల్చి తిరిగిపోయి యుండును. ఒక చేను తడిసినప్పుడు గట్టునకు ఆవలనున్న చేను పొడిగా మిగులుట అనంతపురము సీమలో మనము కన్నులార చూచుచున్నదే.

వేరుశనగ విత్తిన వారిలో ఎందరికో ఈ యేడు బెట్ట తగిలినది. ఊడలు దిగవలసిన దినములలో వాన లేదు. ఇప్పుడు వాన వచ్చినది. వచ్చిన వానను చూచి సంతోషించుటయా, ఆలస్యముగా వచ్చినదని దుఃఖించుటయా తెలియక, అరుగు మీద కూర్చుండి ఆకాశము వంక చూచుచున్న రైతు సోదరులతోను, పెరటి వాకిట నిలిచియున్న అక్కచెల్లెండ్రతోను నేనిప్పుడు మాటలాడదలచినాను. పెద్ద సంగతి కాదు. పెరటిలో ఒక్క గుంత. ఆ గుంతలో పెట్టదగిన నాలుగైదు సొరగింజలు, బీరగింజలు, గుమ్మడిగింజలు. కాలము గడచిన పిమ్మట వానిని పెట్టవచ్చునా, పెట్టినచో కాయునా? ఇదియే నేటి ప్రసంగము.

మన సీమలో ఒక సామెత కలదు. మీరందరును ఎరిగినదే. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’. ఉత్తరకార్తె దాక వేచి చూడుము, అప్పటికిని వాన రాకున్నచో ఈ యేటికి పంట లేదు, గంప నెత్తికెత్తుకొని కూలి దొరకు చోటికి పొమ్మని దాని తాత్పర్యము. 1876లో, ధాతు నామ సంవత్సరమున పట్టిన కరువును ‘ధాత కరువు’ అని తరతరములు తలచుకొన్న నేల యిది. ఇట్టి నేలయందు ఈ మాట వినోదమునకు పుట్టినది కాదు. నేటికిని ఆ గంపలు బెంగళూరు బస్సుల మీదికి ఎక్కుచునే యున్నవి.

కాని మా అవ్వ ఈ సామెత విన్నప్పుడెల్ల వేరొక గంప నెత్తెడిది. అది ఎరువు గంప.

మాది కళ్యాణదుర్గము వైపు ఒక మెట్ట పల్లె. ఎర్రనేల. జానెడు మట్టి క్రింద గరుసు, గరుసు క్రింద రాయి. నా చిన్నతనమున ఒక యేడు ముంగారు, అనగా తొలివానల కారు, పూర్తిగా ఎగబోసినది. చేనిలో వేరుశనగచెట్లు వాడి, పండి, రాలిపోయిన తరువాత, మునుమాపు మొదలుకొని తెల్లవారుదాక హస్త వాన కురిసెను. మరునాటి ఉదయము మా అవ్వ చీర చెంగు నడుమునకు దోపుకొని, చెలికెపార చేతబట్టుకొని, మేము నీళ్లు పోసుకొను బండనుండి నీరు పారి ఇంకిపోవు మూలకు నడచినది. పొరుగింటి ఆమె గోడ మీదుగా చూచి, “ఇంగ యాడ కాస్తుందక్కా, కాలం పాయె గదా!” అన్నది. మా అవ్వ తలయెత్తకయే, “కాలం పాయెనో ల్యాదో మన్నును అడగల్ల. నన్నడిగితే ఎట్ల?” అన్నది.

అని, ఊరకుండలేదు. నిజముగానే మన్ను నడిగినది. జానెడు లోతునుండి పిడికెడు మట్టి తీసి, గట్టిగా నొక్కి, మెల్లగా పిడికిలి విప్పినది. మట్టి ఉండవలె నిలిచినది. బొటనవ్రేలితో తాకగా రెండుగా విడినది గాని పొడిపొడిగా రాలలేదు, బురదగా అంటుకొననూ లేదు. దానినే మనవారు పదును అందురు. మట్టికి పదునున్నంత వరకు కాలము పోలేదని మా అవ్వ లెక్క. పంచాంగము తరువాత, పదును ముందు. శ్రోతలారా, ఈ మాట మనసున నుంచుకొనుడు. పదును ముందు, పంచాంగము తరువాత.

మన సీమలో ఆలస్యమనునది ఎక్కడినుండి వచ్చుచున్నదో ఒక్క నిమిషము విచారింతము. నైరుతి ఋతుపవనము పడమటి సముద్రము మీదినుండి బయలుదేరి, పడమటి కనుమలను దాటునప్పుడే తనలోని నీటిని చాలభాగము ఆ కొండలకు ధారవోసి, మన పీఠభూమి మీదికి వచ్చునప్పటికి వట్టి గాలియై మిగులును. ఈశాన్య ఋతుపవనమన్ననో, తూర్పు తీరమున నెల్లూరును, మద్రాసును తడిపి, మన దాక వచ్చునప్పటికి అలసిపోవును. రెండు ఋతుపవనములకును మనము కడపటి యిల్లు. అందుచేతనే మనకు సంవత్సరము మొత్తము మీద కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వానలోను, తక్కిన మాసములకన్న మిన్నగా కురియునది సెప్టెంబరు మాసము. దాని వెనువెంట అక్టోబరు. అనగా పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త.

కావున మనము ఆలస్యమని పిలుచుచున్న కాలమే మన నేలకు అసలైన వానకాలము. వానయే ఆలస్యముగా వచ్చు దేశములో విత్తు ఆలస్యమైనదని నిందించుట న్యాయము కాదు. జూన్ మాసమున విత్తవలెనను లెక్క వేరుశనగకు సరియైనది. శ్రావణము దాటిన పిమ్మట వేరుశనగ వేయుట నష్టము; అది నేను కాదనను. చేనికి ఉలవ కలదు, నల్లరేగడియైనచో హింగారులో, అనగా మలివానల కారులో, పప్పుశనగ కలదు. ఆ చేలలో ఏమి వేయవలెనో రేకులకుంట పరిశోధనా క్షేత్రము వారిని, రెడ్డిపల్లె కృషి విజ్ఞాన కేంద్రము వారిని అడుగుడు. నా ప్రసంగము చేనికి కాదు. పెరటికి.

కాలము గడచిన పిమ్మట గింజ పెట్టవచ్చునా యను ప్రశ్న శీతల దేశముల తోటవారికి మరియొక రూపమున ఎదురగును. ఇంగ్లండులో ‘మారో’ అని మన సొరకాయవలె పొడుగైన కూరగుమ్మడిని పెంచుదురు. అమెరికాలో ‘స్క్వాష్’ అని ఆ జాతిలో పెక్కు విధములను పెంచుదురు. వేసవి నడిమికి వచ్చిన పిమ్మట ఆ గింజను నాటవచ్చునా యని వారును తర్కించుకొందురు. వారికి గండము మంచు. శరత్కాలమున ఒక రాత్రి మంచు గడ్డకట్టెనా, తెల్లవారునప్పటికి తీగ నల్లబడి, ఉడికించిన ఆకుకూరవలె వాలిపోవును. అందుచేత వారు ఆ తొలి మంచురాత్రి ఎన్నడు వచ్చునో ఊహించి, అచ్చటినుండి వెనుకకు దినములు లెక్కించి, చాలునా చాలదా యని చూచి గింజ పెట్టుదురు.

మనకు ఆ గండము లేదు. డిసెంబరు, జనవరి రాత్రులలో చలి తగులును, తీగ ఎదుగుదల మందగించును, అంతియే. చంపు చలి మనకు లేదు. మన గండము నీరు. కనుక వారు తొలి మంచునుండి వెనుకకు లెక్కించినట్లే, మనము కడపటి నీటినుండి వెనుకకు లెక్కింపవలెను. మీ పెరటిలో ఆ గుంతకు రోజునకు రెండు బిందెల నీరు ఎంతకాలము దొరకును? దీపావళి దాకనా? సంక్రాంతి దాకనా? ఆ దినమును ముందు స్థిరపరచుకొనుడు. తరువాత వెనుకకు రండు.

నేను సంక్రాంతిని గట్టుగా పెట్టుకొని లెక్కించి చూపుదును. హస్త ప్రవేశించుట సెప్టెంబరు 27 ప్రాంతమున. సంక్రాంతి జనవరి 14. నడుమ 109 దినములు. ఈ దినములలో ఏ తీగ ఏమి చేయగలదు?

దోస అన్నిటికన్న తొందర గలది. నెలన్నరలో లేత కాయ చేతికి వచ్చును. బీర యించుమించు రెండు మాసములకు కాయును. సొరకు రెండు మాసములు, మరి కొన్ని దినములు. అనగా నేడు నాటిన సొర కార్తికమాసపు చివరను మీ ముద్దలోనికి పప్పగును. అక్కడినుండి సంక్రాంతి దాక కాయుచునే యుండును. తీపి గుమ్మడి సంగతి వేరు. దానిని పండించి, తొడిమ ఎండి, గోరు దిగని పెంకు కట్టుదాక నిలుపవలెనన్న మూడు నెలల మీద కొంత, ఒక్కొక్కప్పుడు నాలుగు మాసములు పట్టును. 109 దినములు దానికి అంచు మీది లెక్క. హస్త తొలి పాదములో, నీటి కొరత లేని మూలలో పెట్టినచో సంక్రాంతికి కాయ పండవచ్చును. చిత్తలో పెట్టినచో లేతకాయలను కూర వండుకొనుటయే మేలు; పండు కొరకు వేచియుండరాదు. స్వాతిలో గుమ్మడి వద్దు. బూడిదగుమ్మడి అంతకన్న దీర్ఘకాలము కోరును. దసరాకు గుమ్మము ముందు పగులగొట్టు బూడిదగుమ్మడి మృగశిరలోనో ఆరుద్రలోనో నాటినది; నేడు నాటి దసరాకు కోయుదమన్న జరుగదు.

మరల చెప్పుచున్నాను. దోస, బీర, సొర — ఈ మూడింటికి హస్తలో కాలము మిగిలియున్నది. గుమ్మడికి నేడో రేపో. బూడిదగుమ్మడికి వచ్చే యేడు.

హిందూపురము, మడకశిర వైపు శ్రోతలకు ఒక మాట. జిల్లాలు రెండైనను ఆకాశము ఒక్కటే గదా యని నేను మిమ్ములను కలిపియే మాటలాడుచున్నాను. కాని మీ నేల అనంతపురము పట్టణముకన్న చాల ఎత్తున నున్నది. మీకు చలి ముందు వచ్చును, కొంచెము గట్టిగను వచ్చును. చలిలో సొరగింజ మొలకెత్తుటకు బద్ధకించును. కనుక నేను చెప్పిన లెక్కలో మీరు ఒక కార్తె ముందుండవలెను. చిత్తలో పెట్టవచ్చునన్నదానిని మీరు హస్తలోనే పెట్టుకొనుడు.

మరియొక మాట. నేను సొర యన్నప్పుడు కోస్తావారు ఆనపకాయ యని పిలుచు కాయను గూర్చి చెప్పుచున్నాను. మన సీమలో అనపకాయ యన్నచో చిక్కుడు జాతిది, చలికాలమున గింజ లొలిచి పులుసు పెట్టుకొనునది. ఒకసారి గుంటూరునుండి వచ్చిన బంధువు మా యింట అనపగింజల కూర అన్న మాట విని, ఆనపకాయ గింజలతో కూర వండుదురా యని ఆశ్చర్యపడినాడు. రేడియోలో మాట వినబడును గాని కాయ కనబడదు. అందుచేత స్పష్టముగా చెప్పుచున్నాను: సొరకాయ, బుర్ర కట్టు సొరకాయ.

ఇక మా అవ్వ గుంత కడకు పోవుదము. ఆమె ఆనాడు చేసినది నేను ప్రక్కన కూర్చుండి చూచినాను. మూరెడు లోతున, మూరన్నర వెడల్పున గుంత త్రవ్వినది. పై మట్టిని ఒక ప్రక్క, అడుగు గరుసును మరియొక ప్రక్క పోసినది. అడుగున ఎండుటాకులు, పాత జొన్నచొప్ప ముక్కలు వేసి త్రొక్కినది. వాని మీద దిబ్బ అడుగునుండి తెచ్చిన ఎరువు రెండు గంపలు. ఆ ఎరువును ముక్కు కడకు తెచ్చుకొని వాసన చూచినది. పేడ వాసన వచ్చినచో పనికి రాదు. వానకు తడిసిన మన్ను వాసన రావలెను. పచ్చి యెరువు లోలోపల వేడెక్కి వేరును మాడ్చును. ఎరువు మీద తీసిపెట్టిన పై మట్టి, పిడికెడు పొయ్యి బూడిద. గుంతను నేలకు సమముగా పూడ్చలేదు. బెత్తెడు పల్లముగా విడిచినది. ఆ పల్లములో నీరు నిలుచును. పందిట్లో పెరుగు తీగ తల ఎక్కడ నున్నను, దాని నోరు ఆ పల్లమే.

గింజల కొరకు ఆమె అంగడికి పోలేదు. కొట్టము దూలమునకు వ్రేలాడుచున్న ముదురు సొరబుర్రను దించి, కడుపు చీల్చి, గింజలు తీసినది. వానిని నీట వేసి, తేలిన వానిని పారవేసి, మునిగిన వానిని తడిగుడ్డలో మూటగట్టి, పొయ్యి గట్టు ప్రక్కన, వేడి మెల్లగా తగులు చోట నుంచినది. సొరగింజ పెంకు మందము. తడియు, వెచ్చదనమును కలిసి తగిలిననే అది నోరు విప్పును. మూడవనాడు మూట విప్పగా, గింజ మొనయందు బియ్యపుగింజ కొసయంత తెల్లని మొలక కనబడినది. అట్టి వానిని అయిదింటిని ఏరి, వ్రేలి కణుపు లోతున, మొలక క్రిందికి వచ్చునట్లు గుంతలో పెట్టినది. అయిదు మొలచిన తరువాత రెంటిని ఉంచి మూటిని గిల్లివేసినది. నాకు అప్పుడు కంట నీరు వచ్చినది. నేడు చెప్పుచున్నాను, ఆమె చేసినదే సరి. ఒక్క గుంతలోని నీటికి అయిదు నోళ్లు ఎక్కువ.

ఇట్లు వెనుకబడి నాటినప్పుడు మూడు దినముల ముందు మొలక గట్టించుట మూడు దినములు సంపాదించుటయే. 109 దినములలో మూడు దినములు చిన్నవి కావు.

మొలక రెండాకులు విప్పిన వారము అతి ప్రమాదకరము. ఎర్రని పెంకుపురుగు వచ్చి, ఆ రెండాకులను జల్లెడవలె తూట్లు పొడుచును. నాలుగైదాకులు వచ్చిన తీగను అది అంతగా చెరుపలేదు. రెండాకుల పిల్లను ఒక్కపూటలో నేల గలుపును. కనుక తెల్లవారుజామున, ఆకు మీద మంచు తడి ఆరకమునుపే, జల్లించిన పొయ్యిబూడిదను పలుచగా చల్లవలెను. తడికి బూడిద అంటుకొనును. ఎండ వచ్చిన తరువాత చల్లినచో గాలికి పోవును. ఆ వేళ పురుగు చలికి మందకొడిగా నుండును; చేతితో ఏరివేయుటయు సులభము.

తీగ ప్రాకినది. పందిరి గాని, కొట్టము కప్పు గాని ఎక్కినది. పూచినది. ఇక్కడ చాలమంది నిరాశపడుదురు. పువ్వులు పూచుచున్నవి, రాలుచున్నవి, ఒక్క పిందె లేదు. దిష్టి తగిలినదందురు. దిష్టి కాదు. ఈ జాతి తీగలన్నిటియందును ఒకే తీగ మీద మగపువ్వులు వేరు, ఆడుపువ్వులు వేరు. మగపువ్వులు ముందు వచ్చును. వారము, పది దినములు అవియే పూచి రాలును. తరువాత ఆడుపువ్వు వచ్చును. గుర్తించుట కష్టము కాదు: పువ్వు క్రింద సన్నని కాడ మాత్రమే యున్నచో మగది, చిటికెన వ్రేలి కొసయంత పిందె యున్నచో ఆడుది.

మనవంటి వెనుకటి విత్తనమునకు ప్రకృతి చేయు ఉపకారము ఒకటి ఇక్కడ కలదు. పగలు దీర్ఘముగాను ఎండ మెండుగాను నున్న దినములలో ఈ తీగలు మగపువ్వులనే విస్తారముగా పూయును; పగలు కుదించుకొని, రాత్రికి చల్లదనము వచ్చిన కొలది ఆడుపువ్వుల పాలు పెరుగును. హస్తలో నాటిన తీగ కార్తికములో పూచును. అప్పుడు పగలు తగ్గుచుండును, చలి మెల్లగా దిగుచుండును. అందుచేత ఆలస్యముగా నాటిన తీగ చిన్నదైనను, ఆకు తక్కువైనను, దాని కొలదికి అది బాగుగనే కాయును.

సొరపువ్వు తెల్లనిది. అది సాయంకాలము విచ్చును. గుమ్మడిపువ్వు పసుపుపచ్చనిది. అది తెల్లవారుజామున విచ్చి, పొద్దెక్కునప్పటికి ముడుచుకొనును. గుమ్మడికి తేనెటీగ చుట్టము. సొరకు రాత్రి తిరుగు చిమ్మటలు చుట్టములు. మీ పెరటికి ఆ చుట్టములు రాకున్నచో, ఆ పని మీ చేతితో చేయవచ్చును. మసక చీకటి పడునప్పుడు అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు ఒలిచి, నడిమి పుప్పొడి కాడను ఆడుపువ్వు మధ్యనున్న మెత్తని ముద్దకు మెల్లగా తాకింపవలెను. మా యింట ఇది పిల్లల పని. మా అవ్వ లాంతరు పట్టుకొనెడిది, నేను పువ్వు తాకించెడివాడను. లాంతరు వెలుగులో ఆ తెల్లని రేకుల మీద సన్నని పచ్చని ఈనెలు కనబడుచుండెడివి. మూడవనాటికి పిందె మెడ క్రిందికి వంగినచో కాయ నిలిచినదని అర్థము. పసుపుబారినచో రాలును.

నీటి మాట చెప్పకుండ ఈ ప్రసంగము పూర్తికాదు. వేయి అడుగులు త్రవ్వినను చుక్క రాని బోర్లు మన ఊళ్లలో ఎన్ని యున్నవో మీకు నేను చెప్పనక్కరలేదు. నేను బోరు నీటిని లెక్కలోనికి తీసికొనలేదు. పాత్రలు కడిగిన నీరు, బియ్యము కడిగిన నీరు, స్నానపు నీరు — ఇవి ప్రతి యింటను ప్రతిదినము పారుచునే యున్నవి. సబ్బు నురగ ఎక్కువగా నున్న నీటిని విడిచి, తక్కినది గుంతకు మరల్చుడు. అంతకన్న పొదుపైన ఉపాయము మరొకటి కలదు. గుంత నడుమ ఒక మట్టికుండను మెడ దాక పాతుడు. రంగు పూయనిది, నునుపు పెట్టనిది, వట్టి కాల్చిన కుండ. దాని నిండ నీరు పోసి, మూత పెట్టుడు. కుండ గోడనుండి నీరు మెల్లగా ఊరుచు, చుట్టునున్న మట్టి ఎంత పీల్చుకొనునో అంతయే యిచ్చును. ఎండ తాగునది లేదు. కలుపు తాగునది లేదు. మూత తప్పక పెట్టవలెను. లేనిచో దోమలు పుట్టును.

ఇది నిన్న మొన్నటి యుక్తి కాదు. చీనాదేశమున క్రీస్తునకు పూర్వము, హాన్ చక్రవర్తుల కాలమున, ఫాన్ షెంగ్‌చీ అను వ్యవసాయవేత్త ఒక గ్రంథము వ్రాసెను. అందు పుచ్చ, దోస జాతి తీగలను నాటు విధము చెప్పుచు, ఎరువు కలిపిన గుంత నడుమ కుండను నేలకు సమముగా పాతి, నిండ నీరు పోసి, దాని చుట్టును నాలుగు గింజలు పెట్టి, కుండ నోటికి పెంకు మూయవలెనని విధించెను. రెండువేల యేండ్లనాటి ఆ మాటను చదివినప్పుడు నాకు మా అవ్వ గుంతయే కనబడినది. వానకు నోచుకొనని నేల ఎక్కడ నున్నను, అచ్చటి మనుష్యులకు తోచు ఉపాయములు ఒక్కటిగనే యుండును కాబోలు. గుమ్మడి అమెరికా ఖండమున పుట్టినది. 1492లో కొలంబసు అక్కడికి పోయిన తరువాతనే పాత ప్రపంచమునకు వచ్చినది. సొర ఆఫ్రికాలో పుట్టి, అనాదిగా దేశదేశములు తిరిగినది. నేడవి రెండును మన కొట్టము కప్పు మీద తోడికోడండ్రవలె కలిసి ప్రాకుచున్నవి.

జాగ్రత్తలు కొద్దిగా చెప్పి ముగింతును. మార్గశిరము వచ్చునప్పటికి పగలు పొడిగా, రాత్రి మంచుగా నుండును. అప్పుడు ఆకుల మీద తెల్లని పొడి చల్లినట్లు బూడిద తెగులు వచ్చును. వెనుక నాటిన తీగకు ఇది తప్పని శత్రువు. ముదురాకులను ముందే గిల్లి గాలి ఆడనిండు. పులిసిన మజ్జిగను పలుచన చేసి చల్లుట పలువురు రైతుల వాడుక. ఇతర పైరులకు చల్లు గంధకపు పొడిని తొందరపడి దీని మీద చల్లకుడు; ఈ జాతి ఆకులను, ఎండ పూట ముఖ్యముగా, గంధకము కాల్చివేయును. ఈగ కుట్టి రాలిన పిందెలను దిబ్బ మీద వేయకుడు. లోపలి పురుగు దిబ్బలో పెరిగి మరల మీ తీగకే వచ్చును. లోతుగా పాతిపెట్టుడు.

ఇంకొకటి. ఇది మరువరాదు. నీటికి బాధపడిన తీగ మీది సొరకాయ ఒక్కొక్కప్పుడు విపరీతమైన చేదెక్కును. కోసిన వెంటనే చిన్న ముక్కను నాలుకకు తాకించి చూడుడు. చేదైనచో ఉమ్మివేసి, కాయను పారవేయుడు. ఉప్పు, కారము వేసి కప్పిపుచ్చి వండుకొనరాదు. చేదు సొరరసము త్రాగి ప్రాణము పోగొట్టుకొన్న వారు మన దేశములోనే యున్నారు. మరల చెప్పుచున్నాను: చేదు సొరకాయ కూర కాదు, విషము. దాని గింజను విత్తనమునకును ఉంచరాదు.

విత్తనమను మాట వచ్చినది కనుక చెప్పుచున్నాను. నేనొకసారి అంగడిలో రంగుల పొట్లము కొని సొర పెట్టితిని. ఎనిమిది గింజలలో మొలచినవి రెండు. మరల కొని పెట్టునప్పటికి హస్త పదును ఆరిపోయినది. ఆ యేడు మా పందిరి ఖాళీ. అంగడి గింజ అంతయు చెడ్డదని నేననను. కాని కాలము అంచు మీద నున్నప్పుడు, మొలచునో మొలవదో తెలియని గింజతో పరీక్షలు చేయుటకు వ్యవధి యుండదు. అట్టి వేళ మన దూలమునకు వ్రేలాడు బుర్ర, మనకు తెలిసిన తీగ బిడ్డ, మనకు దిక్కు.

మా అవ్వ తీగ ఆ యేడు ఏమైనదో చెప్పలేదు గదా. ఉత్తర చూచి మా నాయన గంప నెత్తుకొని బెంగళూరు పోయెను. ఇంట మిగిలినది అవ్వ, అమ్మ, మేము. హస్తలో పెట్టిన సొర కార్తికము కడపట మొదటి కాయ నిచ్చినది. అక్కడినుండి ముద్దలోనికి సొరకాయ పప్పు, లేతాకు వేపుడు. ఎదురింటికి ఒక కాయ, పొరుగింటి ఆమెకు ఒక కాయ. ఆమె కాయను చేతులలో త్రిప్పి చూచి, ఏమియు అనలేదు.

కొట్టము కప్పు కొననున్న కాయను మాత్రము అవ్వ ఎవ్వరిని కోయనీయలేదు. దానికి గుర్తుగా ఎర్రగుడ్డ పీలిక కట్టినది. సంక్రాంతికి నాయన వచ్చునప్పటికి తీగ ఎండి పురిత్రాడువలె నున్నది. కాయ మాత్రము దంతపు రంగు తేలి అక్కడనే యున్నది. నాయన నిచ్చెన వేసికొని ఎక్కి దానిని దించినాడు. అవ్వ చెవి కడ పెట్టుకొని ఊపినది. లోపల గింజలు గలగలలాడినవి. మెడకు పురికొస కట్టి, దూలమునకు, పాత బుర్ర వ్రేలాడిన మేకునకే తగిలించినది.